కడిగిన పూసలు

రక్తంలోంచి డీఎన్‌ఏ తీయడానికి మా ఢిల్లీ ల్యాబులో అయస్కాంతానికి అంటుకునే పూసలు వాడేవాళ్ళం. కంటికి అవి గోధుమరంగు బురదే. ఒక్కో పూసకీ ఒళ్ళంతా కన్నాలు. డీఎన్‌ఏ ఆ కన్నాల్లో చిక్కుకుంటుంది. ఎంత కడిగినా కొంచెం మిగిలే ఉంటుంది.

విదేశీ సరుకు, ఆర్డరిచ్చిన మూడు నెలలకు గానీ రాదు. అందుకని వాడిన పూసలు కడిగి, వేరే సీసాలో పోసి, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇచ్చేవాళ్ళం. అసలు పరీక్షలకు కొత్తవే వాడాలి. 2007లో ఆ నియమం పెట్టింది నేనే.

నియమాలు పెట్టేవాళ్ళకి నియమాలుండవు కాబోలు. ఒకరోజు కొత్త సీసా అడుగంటింది. నా నమూనాలు ఇంకా పన్నెండున్నాయి, సాయంత్రానికి ఫలితాలివ్వాలి. పాత ఆవకాయను కొత్త జాడీలో కలిపినట్టు, కడిగిన పూసలు అందులో కలిపేశాను. సీసా మీద ఒక్క ముక్క రాయలేదు.

మర్నాడు భానుశ్రీ ఆ సీసానే వాడింది. మా ల్యాబులో రీసెర్చి చేస్తున్న కరీంనగర్ పిల్ల, మయూర్ విహార్‌లో అద్దెగదిలో ఉండేది. ఆర్నెల్లు ఆస్పత్రుల చుట్టూ తిరిగి తెచ్చుకున్న రక్తమంతా ఆ ఒక్కరోజుతో అయిపోయింది. తీరా చూస్తే, సరిచూసుకోడానికి రక్తం బదులు ఉత్త నీళ్ళు పోసిన గొట్టంలో కూడా డీఎన్‌ఏ కనిపించింది.

"గ్లౌజులు మూడుసార్లు మార్చిన అక్కా. నీళ్ళల్ల డీఎన్‌ఏ ఎట్లొచ్చింది?" అంది.

నాకు ఆ క్షణమే తెలిసిపోయింది. "కంగారుపడకు, చూద్దాం" అన్నాను.

ఆమె ఫెలోషిప్ కొనసాగించాలో వద్దో సోమవారం కమిటీ తేల్చాలి. ఆ ఉదయం ధైర్యం చేసి ల్యాబు నడిపే మా సార్ గదికి వెళ్ళి, జరిగిందంతా చెప్పాను.

ఆయన కళ్ళద్దాలు తీశారు. "మనం జర్నల్‌కి పంపుతున్న పేపర్‌లో ఆ పన్నెండు నమూనాలూ ఉన్నాయి కదా?"

"ఉన్నాయి సార్."

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు."

"ఠీక్ హై. ఇక చెప్పకు."

గుండెల మీంచి బరువు దిగిపోయింది. సిగ్గు లేకుండా హాయిగా అనిపించింది. ఇన్నేళ్ళయినా ఆ హాయిని నేను క్షమించుకోలేకపోతున్నాను.

అజాగ్రత్త అని రాసి ఫెలోషిప్ ఆపేశారు. వెళ్ళే రోజు భానుశ్రీ నా టేబుల్ దగ్గరికొచ్చి డైరీ తెరిచింది.

"నా తప్పు ఎక్కడైందో చెప్పక్కా. ఇంకోకాడ మళ్ల చెయ్యకుంట ఉంట."

నేను కాసేపు ఆలోచించాను. "పైపెట్ మరీ వంచి పట్టుకుంటావు" అన్నాను.

ఆమె తలూపి, శ్రద్ధగా రాసుకుంది.