తలుపు అంచున కీలు

దేవుడు జలప్రళయం రప్పిస్తాడని వియ్యంకుడు నోవహు కడుతున్న ఓడంటే గాతాముకు నవ్వులాట. అయినా లోపలా బయటా దానికి కీలు పూసింది అతనే. నీళ్లు చొరకుండా తారులాంటి ఆ నల్లటి కీలు కాచి పడవలకు పూయడమే అతని బతుకుతెరువు.

"బావగారూ, నది చూస్తే ఆమడ దూరం. ఈ పడవను ఎడ్లు కట్టి లాగిస్తారా?" అని నోవహును ఆటపట్టించేవాడు.

నోవహుకు కోపం వచ్చేది కాదు. "నవ్వితే నవ్వావు గానీ లోపలికి రా బావా. చోటుంది," అనేవాడు.

వాన పట్టుకుంది. గాతాము రాలేదు. అతని కూతురు శెరహు, నోవహు చిన్నకోడలు, తలుపు దగ్గరే నిలబడి దారి చూసింది. చివరికి నోవహు కొడుకులు తలుపు మూసి అడ్డగడియ వేశారు.

కాసేపటికి తలుపు అంచునుంచి నీళ్లు ఊరసాగాయి. లోపలినుంచి ఎంత కీలు మెత్తినా నీటి ఒత్తిడికి ఊడి వస్తోంది. ఓడంతా పూశారు గానీ, తలుపు మూశాక దాని అంచుకు బయట ఎవరు పూస్తారన్నది ఒక్కరికీ తట్టలేదు.

అంతలో బయట చెక్క మీద గరిటె గీరిన చప్పుడు.

"నాన్నా?" అంది శెరహు.

"నేనేనే. మీ మామకు ఓడ కట్టడం వచ్చుగానీ తలుపు ముయ్యడం రాదు. కీలు కుండ చల్లారకుండా గొంగడి కప్పి తెచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది."

"ముందు నువ్వు లోపలికి రా. మామయ్యా, తియ్యండి."

నోవహు గడియ మీద చెయ్యి వేశాడు. "తీస్తున్నా బావా."

"తియ్యొద్దు బావగారూ. పూసిందంతా ఊడుతుంది. నీళ్లు నా నడుముదాకా వచ్చాయి, మళ్లీ ముయ్యలేరు." గరిటె కాస్త ఆగింది. "మీ మాట నమ్మలేదు. మీ దేవుడికి నా మీద కోపమే. నా పిల్ల మీద లేదుగా?"

"లేదు బావా."

"అయితే నన్ను పని చేసుకోనివ్వండి."

నోవహు గడియ మీదనుంచి చెయ్యి తీసేశాడు. గీరుడు కింది చెక్కనుంచి మెల్లగా పైకి పాకింది. నీటిచుక్క రావడం ఆగింది. ఆ తర్వాత గరిటె చప్పుడూ ఆగింది. శెరహు ఎంత పిలిచినా పలుకు లేదు. ఓడ ఒక్కసారి ఒరిగి, నేలను విడిచింది.

"దేవుడే తలుపు మూశాడు," అన్నాడు వెనకనుంచి పెద్దకొడుకు.

శెరహు అటు తిరగలేదు. "మామయ్యా, నాన్న మీద ఆయనకు ఇంకా కోపముందా?"

"తెలియదమ్మా. అడుగుతాను."

"ఇప్పుడే అడగండి."

ముసలాయన మోకాళ్లూని అడిగాడు. ఏడుస్తూ, మళ్లీ మళ్లీ అడిగాడు. కప్పు మీద వాన కురుస్తూనే ఉంది.