గాలికి పోని మాట

"ఇంకాస్త మెత్తగా పిసుకు. పోయిన ఆదివారం రొట్టె విరవలేక అందరి ముందూ నవ్వులపాలయ్యాను," అన్నాడు జానిబెక్, అద్దం ముందు మెడ దగ్గర గుండీ పెట్టుకుంటూ.

తుర్సునాయ్ పిండి మీద ఇంకాసిని నీళ్ళు చల్లింది. ఆరాధనలో అందరూ పంచుకు తినే ప్రభువు బల్లకి నాలుగు నెలలుగా ఆమె రొట్టె చేస్తోంది, తినడం లేదు. తినకూడదని సంఘం తీర్మానించింది. సంఘమంటే గట్టిగా లెక్కపెడితే పద్నాలుగు మంది. ఆమె ఇంట్లోనే, ఆమె దులిపి పరిచిన కంబళ్ళ మీదే కూర్చుంటారు. పాస్టరు ఆమె మొగుడే. తినే నోటిని వెలివేశారు గానీ పిసికే చేతుల్ని వెలివేయాలని ఎవరికీ తోచలేదు. తోస్తే పిడకలు ఎవరు రాజేస్తారు, పద్నాలుగు గిన్నెల్లో టీ ఎవరు పోస్తారు?

"ఇవాళ లేచి ఒప్పేసుకో, బల్లలోకి తీసుకుంటాం. రెండు ముక్కలు చాలు. భయపడ్డాను, పాపం చేశాను, క్షమించండి. అంతే. నా పేరు మాత్రం ఎత్తకు. సంఘానికి దెబ్బ," అన్నాడు.

ఆ పాపం మొన్న ఎండాకాలంలో జరిగింది. తుర్సునాయ్ తల్లి సైరా చనిపోయింది. ఆ కొండ ఊళ్ళో యేసుని మొదట నమ్ముకున్నది ఆ ముసలిదే. శవం వాకిట్లో వేసిన గుడారంలో మూడు రోజులుంది. లోపల ఆడవాళ్ళు గోడవైపు తిరిగి శోకాలు తీస్తుంటే, బయట తెల్లగడ్డాల ముస్లిం పెద్దలు గోరీల దారికి అడ్డంగా కూర్చున్నారు. "మీ అమ్మని ఆ రష్యావాళ్ళ దేవుడి దగ్గరికే మోసుకుపోండి. మా తాతల పక్కన చోటు లేదు," అన్నారు. మూడోనాటికి వాళ్ళలో ఒకాయన, మంచివాడే, మెత్తబడ్డాడు. "ఆఖరి ఘడియలో మన దారికొచ్చేసిందని కడుపున పుట్టినదానివి నువ్వు అనమ్మా. తవ్వేస్తాం. ఈ ఎండలో కూర్చోడం మాకు మాత్రం సరదానా?"

జానిబెక్ ఆమెని గుడారం వెనక్కి తీసుకెళ్ళి మొహంలోకి చూశాడు. "అనెయ్. ఆడదాని మాట, గాలికి పోతుంది. సంఘానికి నేను సర్దిచెప్తాగా."

అప్పటికే వాసన మొదలైంది. ఆమె అనేసింది. అమ్మ క్రీస్తుని వదిలేసిందని, తానూ వదిలేశానని, ఊరంతా వింటుండగా అంది. మాట గాలికి పోలేదు. తిన్నగా సంఘానికి చేరింది. సర్దిచెప్తానన్నవాడే ముందు నిలబడి, ఆమె పేరు చదివి, బల్లకి దూరం పెట్టాడు.

చనిపోవడానికి వారం ముందు అమ్మ నవ్వుతూ అన్న మాటే ఇప్పుడు ప్రాణం తోడేస్తోంది. "నన్ను గొర్రెల దొడ్డిలో పాతినా అక్కణ్ణుంచే లేస్తానే పిచ్చిదానా, కంగారుపడకు." దొడ్డిలో పెట్టినా సరిపోయేది. ఆ ఒక్క మాట ఆ రోజు గుర్తు రాలేదు. పాలు పితుకుతూ, పేడ ఎత్తుతూ, క్షమించు ప్రభువా అని ఎన్నిసార్లు అడిగిందో లెక్క లేదు. పైకప్పుకి తగిలి మాట కింద పడుతున్నట్టే ఉండేది. రెండుసార్లు ఏటి ఒడ్డు దాకా వెళ్ళి, ఆవు అరుస్తుందని తిరిగొచ్చింది. చావడానికి కూడా తీరిక ఉండాలి. పేతురు మూడుసార్లు యేసుని ఎరగనన్నాడు కదా, అతని కోసం ప్రభువే ఒడ్డున నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, రండి తినండి అన్నాడు. తప్పు చేసినవాడికి వండిపెట్టాడాయన. ఈ ఇంట్లో తప్పు చేసినదే వండిపెడుతోంది. చేసిన తప్పు అబద్ధం ఒక్కటే కాదని కూడా ఆమెకి ఈమధ్యే తెలిసొచ్చింది. మొగుడి పిరికితనాన్ని తన నోటితో మోసింది. ఇవాళ మళ్ళీ అదే మోయమంటున్నాడు.

సంఘం కూడి పాటలయ్యాక తుర్సునాయ్ లేచింది. "ప్రభువుని కాదన్నాను. మా అమ్మనీ కాదన్నాను. అన్నది నా నోరే, ఎవరి మీదకీ నెట్టను. క్షమించండి."

జానిబెక్ గుండెల నిండా ఊపిరి పీల్చుకుని రొట్టె పళ్ళెం అందుకున్నాడు. అంతలో ముందు వరసలోంచి కాలియా పెద్దమ్మ గొణిగింది. "అంత మాట అనేముందు ఎవర్నన్నా అడగొద్దుటే? పాస్టరు మొగుడు పక్కనే ఉన్నాడాయె. ఆయనేమన్నాడు?"

"ఆయన్నే అడుగు పెద్దమ్మా."

తలలన్నీ అటు తిరిగాయి. జానిబెక్ ఆమె వంక చూశాడు. గుడారం వెనక చూసిన చూపే. గబగబా ఒక ముక్క విరిచి ఆమె ముందు పెట్టాడు.

"ముందు తీసుకో. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం."

ఆ ముక్క కోసమే నాలుగు నెలలు ఏడ్చింది. చెయ్యి దానంతటదే లేవబోయింది. రెండో చేత్తో దాన్ని ఒళ్ళో అదిమిపెట్టుకుంది.

"ముందు పెద్దమ్మకి జవాబు చెప్పండి," అంది.