కటకం మీద బొట్టు

నేను ఒక మైక్రోస్కోపును. నన్ను బిగించినవాడు బడి మొహం చూడలేదు. ఎవరో చదువుకోడానికి నన్ను చేసిపెట్టాడు. లోకం తీరే అంత.

మన్యం అంచున ఉన్న డిగ్రీ కాలేజీకి చేరాను. వృక్షశాస్త్రం చెప్పే హైమావతి మేడం నన్ను చూసి మురిసి, పిల్లలు పాడుచేస్తారని బీరువాలో పెట్టి తాళం వేశారు. తొమ్మిదేళ్లు. పిల్లలు పాత రికార్డులు చూసి కణాల బొమ్మలు దించేవారు. ఎవరైనా తనిఖీకొస్తేనో, దసరాకో మాత్రమే నాకు బయటి గాలి. ఆయుధపూజనాడు కన్ను ఆనించే కటకం మీదే కుంకుమ బొట్టు పెట్టేవారు. చూపిచ్చేదాని కంట్లో కుంకుమ కొట్టి దండం పెట్టడం మనుషులకే చెల్లింది.

నన్ను తుడిచేది అటెండరు పోలినాయుడు. ఏడో తరగతితో చదువాపేసి, ఇరవై రెండేళ్లుగా ఆ ప్రయోగశాలలోనే ఉన్నాడు. నా మర తిప్పబోతే చాలు, నీకేం తెలుసు, చెయ్యి పెట్టకు అనేవారు మేడం. ఆ రోజు గుడ్డ నా మీద కాస్త గట్టిగా ఆడేది.

ఒకసారి విశ్వవిద్యాలయంలో మైక్రోస్కోపుల వాడకం మీద ఐదు రోజుల శిక్షణ అని కాగితం వచ్చింది. ఇలాంటివాటికి పెద్దలు వెళ్లి, సంతకం పెట్టి, భోంచేసి, ఫొటో దిగి వస్తారు. ఆసారి మేడంకి తీరిక లేదు. కుర్చీలో ఎవరో ఒకరు కనబడాలి కదా అని ప్రిన్సిపాలు పోలినాయుడిని పంపారు. ఎవరి పరికరం వాళ్లే తెచ్చుకోవాలన్నారు గనక నేనూ అతని ఒళ్లో బస్సెక్కాను.

అక్కడ నేర్పే ముసలాయన నన్ను విప్పి చూశాడు.

"ఇది పాడవలేదు నాయుడుగారూ. గాలాడక బూజు పట్టింది. మీరే తుడవండి."

'గారూ' అన్న మాటకి పోలినాయుడు ఒకసారి వెనక్కి తిరిగి చూసి, గుడ్డ అందుకున్నాడు. మూడోనాడు ఉల్లిపొర పెట్టి నాలోకి చూశాడు. టీ చల్లారిపోయినా తల ఎత్తలేదు.

తిరిగొచ్చాక, పిల్లలకి చూపిస్తాను తాళం ఇమ్మన్నాడు. ఏమన్నా అయితే ఎవరిది పూచీ అని మేడం ఇవ్వలేదు. మళ్లీ బీరువా. నా బతుకింతే అనుకున్నాను.

దసరా వచ్చింది. మా పరికరాలందరినీ బల్లల మీద పేర్చారు. మేడం కుంకుమ వేలు నా మీదికి వస్తుంటే పోలినాయుడు కటకానికి అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"అక్కడొద్దండి. దీని సెక్కపెట్టెకెట్టండి."

"ఏం, పూజ వద్దా?"

"పూజ ఒద్దని ఎవులన్నారండి? పిల్లలు సూడాల. ఒకపాలి మీరు సూడండి, ఆనక తిట్టండి."

అతని ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. అతను నన్ను కిటికీ వెలుగుకి తిప్పి ఉల్లిపొర పెట్టాడు. మేడం వంగారు. చాలాసేపు లేవలేదు.

"మేం చదివిన కాలేజీలోనూ ఇలాంటిది బీరువాలోనే ఉండేది, పోలినాయుడూ," అన్నారు మెల్లగా. "ఈ మర ఎటు తిప్పాలి?"

బొట్టు పెట్టెకి పడింది. తాళంచెవి ఇప్పుడు నల్లబల్ల పక్క మేకుకి వేలాడుతోంది. వచ్చే శిక్షణకి ఇద్దరి పేర్లూ వెళ్లాయి.

ఈ ఏడాది రికార్డుల్లో ఏ రెండు బొమ్మలూ ఒక్కలా లేవు. ఒకమ్మాయి ఉల్లిపొర కింద చిక్కిన గాలిబుడగని కూడా కణమనుకుని శ్రద్ధగా గీసింది. ఎర్ర పెన్ను ఎత్తిన మేడం ఆగి, పోలినాయుడిని పిలిచి చూపించారు. ఇద్దరూ నవ్వుకున్నారు. తప్పే. కానీ తొమ్మిదేళ్లలో మొదటిసారి, చూసి వేసిన తప్పు.