నిమిషానికి నలభై మూతలు

అర్మీదా కుడిచేతి వేళ్లు నాలుగు ప్రెస్సు కింద తెగి, రేకుమూతలతోపాటే గంపలో పడ్డాయి. ఆమె చెయ్యి పైకెత్తి, ఎవరిదో పరాయి చెయ్యి అన్నట్టు చూసుకుంది. పక్క యంత్రం మీదున్న నీవెస్ ఒక్క దూకుతో వచ్చి, తన తలగుడ్డ విప్పి ఆ మణికట్టుకు బిగించి కట్టింది. రక్తం ఇద్దరి ఒళ్లూ తడిపేసింది.

ఇంజనీరు పెద్రెత్తి చేతిలోని గడియారం చూశాడు. “ఈమెను బయటికి తీసుకుపొండి. యంత్రం కడిగి ఇంకొకరు కూచోండి. అప్పుడే ఆరు నిమిషాలు పోయాయి.”

ఇటలీలో బ్రెష్యా దగ్గర డబ్బా మూతలు చేసే చిన్న కార్ఖానా అది. అందరూ కలిపి డెబ్బైమంది. రెండు నెలల కిందట యజమాని మిలాను నుంచి సినిమావాళ్లను రప్పించాడు. పని చురుగ్గా చెయ్యడం ఎలాగో నవ్విస్తూ నేర్పే సినిమా అన్నాడు. బద్ధకస్తుడి వేషం కట్టినవాడు రేకుల మీద పడి గురకపెట్టాడు. చురుకైన కార్మికురాలిగా నీవెస్‌ను కూర్చోబెట్టారు. చేతులు బాగా కనబడాలని, వేళ్లు లోపలికి పోకుండా ప్రెస్సు ముందుండే ఇనుప జాలీ ఊడదీశారు. తెర మీద ఆమె చేతులు కోడి గింజలేరినట్టు ఆడుతుంటే ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వింది. నీవెస్ కూడా నవ్వింది.

సినిమా ఆడిన మరుసటి సోమవారం ఇంజనీరు కొత్త లెక్క గోడకు అంటించాడు. సినిమాలో నీవెస్ చేసినన్ని, నిమిషానికి నలభై. అంతకుముందు ఇరవై రెండే. జాలీ ఉంటే అంత వేగం రాదు గనక అన్ని ప్రెస్సులకూ జాలీలు తీసేశారు.

అర్మీదాను ఆస్పత్రికి పంపాక ఆడవాళ్లంతా బట్టలు మార్చుకునే గదిలో చేరారు. అర్మీదా చెల్లెలు ఇల్దే సూటిగా వచ్చి నీవెస్ చెంప పగలగొట్టింది.

“సినిమాతారవి గదా. నీ చేతులు చూపించే మా చేతులు నరుకుతున్నారు.”

నీవెస్ పెదవి చిట్లింది. “కొట్టు ఇల్దే. కానీ ఇది విను. ఆ రోజు నేను చేసింది నిమిషానికి ఇరవయ్యే. కెమెరావాడే చెప్పాడు. రీలు నెమ్మదిగా తిప్పి తీస్తే, తెర మీద మనుషులు గబగబా కదుల్తారంట. నవ్వు రావడానికి అలా తీశారంట.”

“మరి ఇన్నాళ్లూ నోరెందుకు మూసుకున్నావే?”

“నలుగురిలో యజమాని నన్ను మెచ్చుకున్నాడు. బాగుందనిపించింది.” నీవెస్ తల దించలేదు. “సిగ్గులేనిదాన్ని. ఒప్పుకుంటున్నా.”

యంత్రాలు బాగుచేసే ముసలి ఒరేస్తె గుమ్మంలో నిలబడి, “కోర్టుకెళ్దాం, కార్మిక సంఘం వకీలున్నాడు గదా,” అన్నాడు.

“కోర్టు తేల్చేసరికి ఎవరికీ వేళ్లుండవు తాతా,” అంది ఇల్దే. “ఆ ఇంజనీరునే ప్రెస్సు ముందు కూచోబెడదాం పదండి.”

పెద్రెత్తి మెట్లెక్కి పారిపోబోతుంటే కాలర్ పట్టి లాక్కొచ్చారు. చొక్కా చిరిగింది, ముక్కు నుంచి రక్తం కారింది. అర్మీదా బల్ల మీదే కుదేశారు. రక్తం ఇంకా తుడవలేదు.

“నలభై,” అంది ఇల్దే. “తొందరగా.”

అతను పదకొండు మూతలు చేసి ఆగిపోయాడు. ఇల్దే అతని చెయ్యి అచ్చు కింద అదిమిపట్టి, అచ్చును దించే తొక్కుడు పలక మీద తన కాలు పెట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు “తొక్కు, తొక్కు” అన్నారు. నీవెస్ ఆ వేళ్లవంక చూసింది. శుభ్రమైన గోళ్లు. ఆమెకూ తొక్కాలనే ఉంది. అయినా ఇల్దే కాలును తన కాలితో పక్కకు తోసేసింది.

“వీడి వేళ్లతో మనకేం పని? రేపు ఇంకో ఇంజనీరొస్తాడు. వీడి నోరు విప్పించు.”

“నలభై ఎవరూ చెయ్యలేరు,” పెద్రెత్తి ఏడుస్తున్నాడు. “జాలీ లేకపోతే చెయ్యి పోతుందని నాకు తెలుసు. యజమానికీ చెప్పాను. ఎన్ని చేతులు పోతే అన్ని పోనీ, కానియ్యమన్నాడు.”

అక్కడున్న అందరూ విన్నారు.

అప్పటికే గేటు విరిగింది. కబురందిన పోలీసులు తుపాకీ మడమలతో విరుచుకుపడ్డారు. రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డ ఒరేస్తె కణత మీద మొదటి దెబ్బ పడింది. ముసలాయన మూతల గుట్ట మీదికి ఒరిగి మళ్లీ లేవలేదు. నీవెస్‌ను జుట్టు పట్టి ఈడ్చుకుపోయి గేటు బయట ఆగి ఉన్న పోలీసు బండెక్కించారు. ఆమె రక్తం ఉమ్మి, “ఎవరూ యంత్రాల మీద చెయ్యి పెట్టకండే,” అని కేకేసింది.

మధ్యాహ్నానికి యజమాని వచ్చి అన్ని ప్రెస్సులనూ నడిపే పెద్ద మీట తనే నొక్కాడు. ప్రెస్సులన్నీ రొద మొదలుపెట్టాయి. ఆడవాళ్లు ఎవరి స్థానంలో వాళ్లు కూచున్నారు, చేతులు చంకల్లో పెట్టుకుని. ఒక్క మూతా రాలలేదు.

“ఏం కావాలి మీకు?” అన్నాడు యజమాని.

“ముందు నీవెస్‌ను బండి దించు,” అంది ఇల్దే. “తర్వాత జాలీలు పెట్టు. ఆ తర్వాత ఒరేస్తె తాతను చంపిందెవరో అడుగుతాం.”

ఆమె వెనక నిలబడ్డ పోలీసు లాఠీ లేచింది. పక్క వరసలోని ఆడవాళ్లు కుర్చీలు జరుపుకుని ఆమెను ఆనుకుని కూచున్నారు.