మెహబూబ్ బీ తల

పొద్దున ఎనిమిదింటికి నాగుల్ మీరా సైకిలెక్కి పనికి బయల్దేరగానే, భార్య మెహబూబ్ బీ హెల్మెట్ పెట్టుకుని వంట మొదలుపెడుతుంది. రామవరప్పాడులో వాళ్ల సందులో దీన్నెవరూ వింతగా చూడరు. నికా అయిన రోజునుంచీ ఆయన తలకి తగలాల్సిన దెబ్బ ఆవిడ తలకి తగులుతోంది. కొన్ని ఇళ్లల్లో మొగుడి గురకకి పెళ్లానికి నిద్రుండదు. ఈ ఇంట్లో ఇదీ, అంతే.

హెల్మెట్ వల్ల ఉపయోగమేమీ లేదు. బొప్పి దాని లోపలే లేస్తుంది. "మరెందుకే ఆ ఉక్కపోత?" అనడిగింది పక్కింటి బుల్లెమ్మ.

"నన్ను చూసైనా సిగ్గుపడతాడేమోనని."

సిగ్గుపడే మనిషైతే ఈ కథే ఉండేది కాదు.

నాగుల్ మీరా ఆటోనగర్‌లో కార్ల సొట్టలు తీస్తాడు. ఒకే ఒక్కరోజు హెల్మెట్ పెట్టుకుని షెడ్డుకెళ్లాడు. కళ్లద్దాలు లేకుండా వెల్డింగ్ చేసే శౌరయ్య ఎదురొచ్చి, సైకిలు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"ఏం మీరా, లీటరుకి ఎంతిస్తోంది?"

షెడ్డంతా నవ్వింది. సాయంత్రం ఆ హెల్మెట్ హ్యాండిల్‌కి వేలాడుతూ ఇంటికొచ్చింది. మర్నాటినుంచి మెహబూబ్ బీ నెత్తినుంది.

"సైకిలుకి రూల్ లేదే," అనేవాడు ఆవిడ బతిమాలినప్పుడల్లా. "రూలుంటే పెట్టుకోనూ?"

ఆవిడ ఆ మాట పట్టుకుని, రామవరప్పాడు రింగ్ కూడలి దగ్గర చలానాలు రాస్తున్న ట్రాఫిక్ కానిస్టేబుల్ లక్ష్మీకాంత్ దగ్గరికెళ్లింది.

"మా ఆయనకో చలానా రాయండి సార్. ఆరున్నరకి ఎర్ర సైకిలు మీద ఇటే వస్తాడు."

"సైకిలోళ్లకి రూల్ లేదమ్మా."

"ఉత్తుత్తిదే రాయండి. కాయితం చూస్తే భయపడతాడు. నా మాటకి పడడు."

లక్ష్మీకాంత్ ఆవిడ నుదుటిమీది వాపు చూశాడు. "ఇది ఆయనదేనా?"

"ఆయనదే. నిన్న షెడ్డులో రేకుకి కొట్టుకున్నాడు."

"రూలంటూ వస్తే మొదటి చలానా ఆయనకే రాస్తానమ్మా," అన్నాడు పాపం, మనస్ఫూర్తిగా.

ఆవిడ ఇంటికొచ్చేసింది. దేశంలో రూలు రావాలంటే ఎన్ని తలలు కావాలో ఆవిడకి తెలీదు. ఆవిడ దగ్గరున్నది ఒక్కటే.

శుక్రవారం సాయంత్రం నాగుల్ మీరా ఇంటికొస్తుంటే, సర్వీసు రోడ్డు పక్కన ఆగిన కారు తలుపు తెరుచుకుంది. ఎగిరిపడ్డాడు. తల వెళ్లి డివైడర్‌కి కొట్టుకుంది. సిమెంటు పెచ్చు అరచేతంత ఊడిపోయింది.

జనం పోగై ఆయన తల తడిమి చూశారు. గీత కూడా లేదు. పాపిడి చెదరలేదు.

"అదృష్టమంటే నీదేనయ్యా," అన్నాడు సోడాబండి పెద్దాయన.

నాగుల్ మీరా కిందపడ్డ సిమెంటు పెచ్చు వైపు చూస్తూ ఉండిపోయాడు. ఏ సొట్ట తీయొచ్చో, ఏది తీయలేమో పాతికేళ్లుగా చూసి చెబుతున్న మనిషి.

జేబులో ఫోను మోగింది. బుల్లెమ్మ. ఆవిడ ఎప్పుడూ చేయదు.

ఎత్తితే తెలిసిపోతుంది. ఎత్తనంతసేపూ మెహబూబ్ బీ పొయ్యి దగ్గర నిలబడి, ఈయన్ని తిట్టుకుంటూ కూర కలుపుతూనే ఉంటుంది.

వంకరపోయిన హ్యాండిల్ సరిచేసుకుని సైకిలెక్కాడు. రింగ్ దగ్గర ఇంటి మలుపొచ్చింది. తిరగలేదు. మోగే ఫోనుతో, చీకటిపడ్డా ఆగకుండా, హైవే మీద హనుమాన్ జంక్షన్ వైపు తొక్కుతూనే పోయాడు.