పెద్దాయన మీద పళ్ల డాక్టరు

పళ్ల డాక్టరుకి గుర్రాల మీద ప్రేమేమీ లేదు. బావమరిది మీద మంట ఉంది, అంతే. గుర్రంతో అడ్డుకర్ర దూకించానని ఆ కుర్రాడు భోజనాల దగ్గర తొడకొట్టి చెబుతుంటే ఊరుకోలేక, "అదేమన్నా బ్రహ్మవిద్యా? గుర్రం దూకుతుంది, మనం కూర్చుంటాం" అనేశాడు. భార్య అక్కడికక్కడే ఫోన్ తీసి అతన్ని గుర్రపుస్వారీ క్లాసులో చేర్పించేసింది.

కొన్నాళ్లు నడకా, పరుగూ అయ్యాక దూకే రోజు వచ్చింది. అతనికిచ్చిన గుర్రం వయసు మళ్లింది. అందరూ పెద్దాయన అంటారు. పెద్దాయన డాక్టర్ని ఎగాదిగా చూసి ఆవలించాడు.

"కర్ర మోకాలెత్తే ఉంది. దాన్ని చూడకండి, అవతలికి చూడండి. నడుం వంచి జూలు పట్టుకోండి. కళ్లెం మాత్రం లాగొద్దు" అంది నేర్పే అమ్మాయి.

డాక్టరు కర్రనే చూశాడు. చూసేకొద్దీ అది పెరిగింది. తీరా దగ్గరికొచ్చాక కళ్లెం బిగలాగాడు. పెద్దాయన ఆగాడు. డాక్టరు ఆగలేదు. మెడ మీదుగా జారి, కర్ర అవతల ఇసకలో చతికిలబడ్డాడు.

కంచె దగ్గర్నించి భార్య కేకేసింది. "ఏవండీ! గుర్రాన్ని కూడా తీసుకెళ్లాలేమో, అడగండి!"

వీడియో తీస్తున్న బావమరిది నవ్వాపుకోలేక కూలబడ్డాడు.

"దెబ్బ తగిలిందా?" అంది అమ్మాయి.

"తగలాల్సిన చోటే తగిలింది. అయినా నేను దాటాను కదా. దాటనిది ఆయన."

"మీరు లాగారు, ఆయన ఆగాడు. మడమలతో పద పద అని, చేతుల్తో వద్దు వద్దు అంటే పాపం ఏది వినాలి?"

ఆ మాట గుచ్చుకుంది. భయం తనది, నింద గుర్రానికా? డాక్టరు ప్యాంటు దులుపుకుని మళ్లీ ఎక్కాడు. ఈసారి కళ్లెం వదులు చేసి, జూలు గుప్పిట పట్టి, దూరాన గుర్రాల కొట్టం కప్పుని చూశాడు. పెద్దాయన చెవులు నిక్కించాడు. ఒక్క ఊపున లేచాడు. "అమ్మోయ్!" అన్న కేక పూర్తికాకముందే నాలుగు గిట్టలూ అవతల నేల తాకాయి.

దాటేశాడు!

కాకపోతే పెద్దాయన ఆగలేదు. కొట్టంలో దాణా పెట్టే వేళయింది. డాక్టరు మెడ కావలించుకుని, కాళ్లు వేలాడేసి, భార్య ముందునుంచే వెళ్లాడు.

"చూశావా? దూకా!"

"చూశాన్లెండి. ఎక్కడికీ ప్రయాణం?"

"ఆయన్నడుగు!"

కొట్టం గుమ్మం దగ్గర తల వంచి బతికిపోయాడు. పెద్దాయన తొట్టిలో మూతి పెట్టేసరికి అందరూ పరిగెత్తుకొచ్చారు. డాక్టరు గుర్రం మెడ ఇంకా వదల్లేదు. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"తీశావా?" అన్నాడు.

బావమరిది బుర్ర గోక్కున్నాడు. "పడ్డది బ్రహ్మాండంగా వచ్చింది బావా. దూకేటప్పుడు... నవ్వుతూ ఫోన్ కట్టేశాను."

"వచ్చేవారం మళ్లీ దూకుతా. అదీ తీయలేదో, జ్ఞానదంతం పీకేస్తా. ఇప్పుడు నన్ను దింపండి ముందు!"