తడిగుడ్డ కప్పిన మూడు పొరలు

బిందుమాధవి చదువు గురించి వాళ్ళమ్మ వెంకటరావమ్మకు తెలిసింది ఒక్కటే, అందులో కరెంటుంది. మోటారు కాడ గేదె వైరు తొక్కి చచ్చిన ఏటి నుంచీ ఆమె స్విచ్చి కూడా చెంగుతో పట్టుకునే నొక్కుతుంది. అలాంటిది, కూతురు హైదరాబాదులో ఐదేళ్ళుగా కరెంటు మీదే పరిశోధనాయె.

"ఎంత కరెంటే అది?" అని ఫోనులో రోజూ అడిగేది.

"దోమకు కూడా తగలనంత, అమ్మా."

"దోమ సంగతి నాకెందుకు, నువ్వు చెప్పులేసుకుంటున్నావా లేదా?"

మార్చిలో బిందు చెన్నైలో ఒక ముక్క చేయించుకుని హైదరాబాదు పోతూ, సత్తెనపల్లిలో రైలు దిగి ఒక పూటకు ఇంటికొచ్చింది. గోరంత ముక్క, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉంది. అన్నం తింటూ వివరించింది. రెండు రకాల ఆక్సైడ్లు. విడిగా ఏదీ కరెంటు పారనివ్వదు. ఒకదాని మీద ఇంకోటి పూతలా పరిస్తే, అవి రెండూ కలిసే చోట మాత్రం పారుతుంది. పై పూత నాలుగు పొరలుండాలి, ఒక్కో పొర వెంట్రుకలో లక్షో వంతు కూడా ఉండదు. మూడు పొరలైతే పారదని అందరూ అంటారు. పారుతుందని వాళ్ళ ప్రొఫెసరు గారొక్కరే పన్నెండేళ్ళుగా అంటున్నారు. ఈ ముక్క మూడు పొరలది.

"పారకపోతే?" అంది వెంకటరావమ్మ.

"నా థీసిస్‌లో చివరి అధ్యాయం పోతుంది. ఇంకో ఏడాది అక్కడే."

"పగిలిపోతే?"

"పగలదమ్మా."

పగలదని చెప్పాక అది పగిలి తీరుతుందని ఆమెకు రూఢి అయిపోయింది. బిందు స్నానానికి వెళ్ళగానే డబ్బా తెరిచింది. ముక్క పక్కనే తేమ పీల్చే గుళికల పొట్లం ఉంది. ఆమె మిరపకాయ మరీ ఎండి గలగలమంటే ఏమవుతుందో కల్లంలో ముప్పై ఏళ్ళు చూసిన మనిషి. టిక్కీలో, అదే గోనెబస్తాలో, తొక్కేటప్పుడు పుటుక్కున విరిగి గింజ రాలుతుంది. అందుకే బస్తాకెత్తే ముందు కాస్త తడి తగిలించి మెత్తబరుస్తారు. ఇంత చదివినవాళ్ళకు ఈ మాత్రం తెలియదా అనుకుంటూ పొట్లం తీసి పారేసింది. ఉతికిన గుడ్డ తడిపి, చుక్క కారకుండా పిండి, డబ్బా మూతికి ఆనీ ఆననట్టు కప్పింది. బిందు జడ వేసుకోవడం అయ్యేసరికి గుడ్డ తీసి మూత బిగించి, ఏమీ ఎరగనట్టు పచ్చడి సీసా సర్దుతోంది.

మూడో రోజు ఫోనొచ్చింది. "అమ్మా, మూడు పొరల్లో పారింది."

ప్రొఫెసరు గారు డిపార్టుమెంటంతా మిఠాయిలు పంచారట. శుక్రవారం విలేకరులను పిలిచారట. కప్పేవాళ్ళు మరిచిపోతారేమోనని శాలువా తనే కొని తెచ్చుకున్నారట.

అది తన తడిగుడ్డ మహిమేమోనని వెంకటరావమ్మకు అనుమానమొచ్చింది. రేపు పేపర్లో వస్తుంది. ఎల్లుండి ఇంకెవరో ఇంకో దేశంలో చేసి చూస్తారు. వాళ్ళ దగ్గర తడిగుడ్డ ఉండదు. అప్పుడు దొంగ అని బిందు పేరే రాస్తారు గానీ ప్రొఫెసరు పేరు రాస్తారా?

భర్త బాపయ్యకు చెప్పింది. ఆయన చుట్ట తీసి, "ఊరుకోవే. తడి కొట్టిన టిక్కీ సంగతి మనం మిర్చి యార్డులో ఏనాడైనా చెప్పామా?" అన్నాడు.

"అది కొన్నవాడు కారం కొట్టించుకుని తింటాడు. దీనికింద నా పిల్ల సంతకం పెడుతుంది."

బిందుకు ఫోను చేసి చెప్పేసింది.

"ఎంతసేపు కప్పావు?"

"నీ స్నానం, నీ జడ."

బిందు ముక్కను వేడిచేసి, గాలంతా లాగేసి, మళ్ళీ కొలిచింది. కరెంటు సున్నా. ప్రొఫెసరు గారు మిషను పాడైందన్నారు. మిషను బాగానే ఉందని తేలాక, "మీ అమ్మగారు అమాయకురాలు, ఆవిడ మాట పట్టుకుని సైన్సు మార్చుకుంటామా" అన్నారు. బిందు వాదించలేదు. తడిగుడ్డ తెచ్చి కప్పింది. పారింది. ఆరబెట్టింది, ఆగింది. నలుగురు విద్యార్థుల ఎదుట మూడుసార్లు చేసింది.

శుక్రవారం ప్రొఫెసరు గారు శాలువా కప్పుకుని విలేకరులతో, ఈ నీటి తేమ సంగతి తాను పన్నెండేళ్ళుగా మొత్తుకుంటూనే ఉన్నానన్నారు.

ఆ సాయంత్రం బిందు ఫోను చేసింది. "అధ్యాయం నిలబడిందమ్మా. ఇంకో ఏడాది ఇక్కడుండే పని తప్పింది. ఇప్పుడు పద్ధతి రాయాలి. గుడ్డ ఎంత పిండావు?"

"మిరపకాయలకు పిండినంత."

"అలా రాయకూడదు. లెక్క కావాలి. నువ్వు మళ్ళీ పిండి, తూచి చెప్పు."

వెంకటరావమ్మ సరేనంది. అంతలోనే ఏదో తట్టింది. "బిందూ, ఆవేళ నేను తడిపింది మంచినీళ్ళతో కాదే, బోరు నీళ్ళతో. మన బోరులో ఫ్లోరైడు ఉందంటారు. దాంతో ఏమన్నా అవుద్దా?"

అవతల పెన్ను కింద పెట్టిన చప్పుడు వినబడింది.

"ఒక సీసాలో పట్టి బస్సులో పంపించమ్మా," అంది బిందు.

వెంకటరావమ్మ సీసా కడగడానికి లేచింది. ఏ నీళ్ళతో కడగాలో తోచక దాన్ని పట్టుకుని అలాగే నిలబడింది.